రాహుకాలం దాటాకే డిస్కు ముట్టుకున్నాను

మొన్న సోమవారం మీరు నన్ను చూడాల్సింది. మా అపార్ట్‌మెంట్ కింద, లిఫ్టు పక్కన, నేల మీద, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని అయిదు గంటలు కూర్చున్నాను. పురసవాక్కం బజారుకి వెళ్ళొచ్చే మా బిల్డింగు వాళ్ళంతా నన్ను దాటుకునే వెళ్ళారు. ఎందుకు కూర్చున్నానో చెబుతాను, మీరు టీ తాగుతూ వినండి.

ఆఫీసు ఫైళ్ళు కూడా ఉంటాయని నా లాప్‌టాప్ డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టాను. పాస్‌వర్డ్ లేకుండా ఎవరు తెరిచినా కనిపించేది చెత్తే. అందులో రెండు భాగాలు. సిస్టమ్ భాగం గొంతు దాకా నిండిపోయింది, ఏ అప్‌డేట్ వచ్చినా చోటు లేదంటోంది. మా ఫైళ్ళున్న భాగం మాత్రం సగం ఖాళీ. ఒక గదిలో కాలు పెట్టే సందు లేదు, పక్క గదిలో క్రికెట్ ఆడుకోవచ్చు. మధ్య గోడ కాస్త జరిపితే చాలు. వీడియోలో ఎవరో ఇరవై నిమిషాల్లో జరిపి చూపించాడు కూడా.

కానీ ఆ పక్క గదిలో మా అత్తమ్మ పాటలున్నాయి. వాళ్ళది నాలుగు తరాలుగా చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబం. వాళ్ళమ్మ నేర్పిన పెళ్ళిపాటలు ఇప్పుడు ఆమెకు తప్ప ఎవరికీ రావు. ఆరు నెలలు బతిమాలి అరవై రెండు పాటలు రికార్డు చేశాను. ఆ తర్వాత ఆమె పై పళ్ళన్నీ తీయించుకుని సెట్టు పెట్టించుకున్నారు. ఇప్పుడు పాడితే చరణానికోసారి సెట్టు టక్కుమంటుంది. అంటే, ఉన్నవి ఆ పాటలే, పోతే మళ్ళీ రావు.

బ్యాకప్ తీసుకున్నావా అని అడగబోతున్నారు, తెలుసు. బ్యాకప్ లేకుండా డిస్కు ముట్టుకోకండి అని ఆఫీసులో అందరికీ క్లాసు పీకేది నేనే. ఇంట్లో నాకు పీకేవాళ్ళు లేరు.

సోమవారం లీవు పెట్టి, ఎనిమిదింటికి, గోడ జరిపే సాఫ్ట్‌వేర్ ఉన్న పెన్‌డ్రైవ్ గుచ్చి కూర్చున్నాను. అత్తమ్మ గుమ్మంలోకి వచ్చారు.

"ఇప్పుడొద్దు అల్లుడుగారూ, రాహుకాలం. తొమ్మిది దాటనీండి. అది ఈడ్నే ఉండాది గదా, యాడికీ పోదు."

నాకు ఆ నమ్మకాలు లేవు. కానీ పాటలు ఆవిడవి. స్నానం చేసి, రెండో కాఫీ తాగి, పేపర్ చదివి, తొమ్మిదీ రెండుకి పాస్‌వర్డ్ కొట్టి తాళం తీసి, గోడ జరపమని ఆర్డరిచ్చాను. గోడ జరగాలంటే ముందు ఆ గదిలో సామానంతా అటువైపుకి మోయాలి. మధ్యలో ఆగితే డేటా పోతుందని హెచ్చరిక వచ్చింది. సరే అని నొక్కాను. అయిదు గంటలు పడుతుందని చూపించింది. తొమ్మిదీ ఆరుకి ఫ్యాను ఆగిపోయింది.

"హేమా, ఫ్యూజ్ ఏమన్నా పోయిందా?" అని మా ఆవిణ్ణి కేకేశాను.

వంటింట్లోంచి జవాబు వచ్చింది. "ఇవాళ కరెంటువాళ్ళ మంత్లీ షట్‌డౌన్ కదండీ, రెండింటిదాకా రాదు. నిన్న గ్రూపులో మెసేజ్ పెట్టారుగా."

"ఎవరు పెట్టారు?"

"అసోసియేషన్ సెక్రటరీ."

సెక్రటరీని నేనే. నీళ్ళు పట్టి పెట్టుకోండి, మిక్సీ పనులు తొమ్మిదిలోపే ముగించుకోండి అని, చివర దండం బొమ్మతో సహా పెట్టాను. ఎనిమిదిన్నరకి అన్ని ఫ్లాట్లలోనూ మిక్సీలు మోగుతుంటే, ఇవాళ అందరూ చట్నీల మీద పడ్డారేమిటా అనుకున్నాను కూడా.

బ్యాటరీ ముప్పై ఒక్క శాతం. ముసలి బ్యాటరీ, అరగంట కంటే లాగదు. మాకు ఇన్వర్టర్ లేదు. ఉన్నదల్లా లిఫ్టుకీ మోటారుకీ నడిచే జనరేటర్. వాచ్‌మన్ ఏళుమలైకి ఫోన్ చేసి దాన్ని ఆన్ చేయించాను. లాప్‌టాప్ మూత తెరిచే ఉంచి, పెన్‌డ్రైవ్ ఎక్కడా తగలకుండా, నిండా సాంబారున్న గిన్నె మోసినట్టు మూడంతస్తులు మెట్లు దిగాను. లిఫ్టు ఎక్కొచ్చుగా అంటారేమో. మధ్యలో ఇరుక్కుంటే?

లిఫ్టు పక్కన గోడకి ఒకే ప్లగ్గు ఉంది. దాంట్లో ఛార్జర్ పెట్టాను. పైన ఏదో కాగితం అంటించి ఉంది కానీ చదివే తీరిక లేదు.

పన్నెండింటికి అత్తమ్మ పెరుగన్నం తెచ్చారు. "నా పాటలు యాడుండాయి ఇప్పుడు?" అని అడిగారు.

"సగం అటు, సగం ఇటు అత్తమ్మా," అన్నాను. ముఖం చూడలేకపోయాను.

ఆమె కోప్పడలేదు. "సరి, సరి. మీరు తినండి," అని ఏళుమలై కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నారు. స్క్రీన్ మీద గీత కదులుతుంటే పాలు పొంగుతాయేమోనన్నట్టు చూస్తూ రెండు గంటలు కదల్లేదు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

రెండూ పదికి అయిపోయింది. లాప్‌టాప్ మళ్ళీ ఆన్ చేసి పాస్‌వర్డ్ కొట్టాను. తప్పంది. చేతులు ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ కొట్టాను. తెరుచుకుంది. మొదటి పాట నొక్కితే, పాత పళ్ళతో అత్తమ్మ గొంతు లిఫ్టు దగ్గరంతా మోగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. చివరి దాకా లెక్కపెట్టాను. అరవై రెండూ ఉన్నాయి.

"చూసినారా," అన్నారు అత్తమ్మ లేస్తూ, "రాహుకాలం దాటినాక మొదలుపెట్టినారు గాబట్టే నిలబడింది."

వాదించే ఓపిక లేదు. అవునన్నాను.

సాయంత్రం గ్రూపులో ఎవరో నా ఫొటో పెట్టారు. అప్పుడు చదివాను, ఆ ఫొటోలో, ప్లగ్గు పైనున్న కాగితం. 'కామన్ కరెంటు సొంత పనులకు వాడరాదు. ఇట్లు, సెక్రటరీ.' కింద నా సంతకం, దాని కింద నేను. సభ్యుడిగా నేను క్షమాపణ రాశాను, సెక్రటరీగా నేనే మన్నించాను.

మంగళవారం పాటలన్నీ వేరే డిస్కులోకి బ్యాకప్ తీశాను. మధ్యాహ్నం మూడున్నరకి, నడి రాహుకాలంలో. అత్తమ్మ నిద్రపోతున్నారు. కరెంటు మాత్రం ఉంది, గ్రూపులో నా మెసేజీలన్నీ రెండుసార్లు చదివాకే మొదలుపెట్టాను.