గుత్తకిచ్చిన పేరు

నా పేరు మీద సెంటు భూమి లేదు. కానీ కొన్ని పేర్లున్నాయి.

ఇంటర్నెట్‌లో అంగడి పెట్టుకునేవాళ్ళకు కావలసిన పేర్లవి. డొమైన్లు అంటారు. బళ్ళారి చుట్టుపక్కల ఊళ్ళ పేర్లకు రొట్టెలనో, మిరపకాయలనో, జీన్సు ప్యాంట్లనో తగిలించి మా అమ్మాయి కొన్నది. ఏటేటా రుసుము కడుతున్నంత కాలం ఆ పేరును ఇంకొకరు పెట్టుకోవడానికి లేదు. కావాలంటే మా దగ్గర కొనుక్కోవాలి, లేదా నెలనెలా బాడుగ కట్టి వాడుకోవాలి. అమ్మాయి టౌన్‌లో ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో పనిచేస్తుంది. అక్కడి యజమానికి తెలిస్తే బాగుండదని అన్నిటినీ నా పేరున, నా ఫోన్ నంబరు మీద పెట్టింది.

ఆ రోజు నేనెంత పొంగిపోయానో తలచుకుంటే సిగ్గేస్తుంది. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. మా కప్పగల్లులో సాయంత్రం బడిలో కన్నడం నేర్పారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు కాబట్టి తెలుగు అక్షరాలు తర్వాత పట్టుబట్టి నేర్చుకున్నాను. ఇంగ్లీషు మా అమ్మాయే చెప్పింది. అంతకుముందు ఎక్కడికి పోయినా బొటనవేలికి సిరా పూసుకోవడమే. ఇప్పుడు యజమాని అని ఉన్నచోట నా పేరు కనబడితే, తెర మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను.

"దీనికి గట్టు యాడుంటాదే?" అని అడిగాను.

"గట్టూ లేదు, గెనిమా లేదు. నువ్వు గమ్మున మాలీకు మాదిరి కూర్చో మా."

అందులో బాడుగకు పోయింది ఒకటే, సంగనకల్లు రొట్టెల పేరు. ఆ ఊళ్ళో ఒకామె మరికొందరు ఆడవాళ్ళను చేర్చుకుని జొన్నరొట్టెలు తట్టి, పెళపెళలాడేలా కాల్చి, ప్యాకెట్లు కట్టి అమ్ముతుంది. బెంగళూరులో ఉండేవాళ్ళు ఫోన్‌లో ఆ పేరు కొట్టి తెప్పించుకుంటారు. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. నెల మొదట్లో డబ్బు పడిందని ఫోన్ మోగేది. ఆ బాడుగలు కూడబెట్టే నా కంటికి ఆపరేషన్ చేయించింది అమ్మాయి.

ఈ ఎండాకాలం మొదట్లో ఆమె మా ఇంటికి వచ్చింది. చెప్పులు వీధిలోనే విడిచింది. గడప దాటలేదు.

"లోపలికి రా తల్లీ, కూర్చో."

"ఉండనీ సావుకారమ్మా. ఈడనే నిలబడతా."

నన్నెవరూ అలా పిలవలేదు. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

"మీ పాప ఫోన్ చేసినాది," అందామె. "ఈ నెలతో గడువు సరి, పేరు ఇంగొకరికి ఇస్తాండాము అనె. టౌన్‌లో హోటలాయన శానా ఎక్కువ ఇస్తాడంట. ఆయనవి మిషన్ రొట్టెలు. జనం మా పేరు కొడతారు, ఆయన రొట్టెలు పోతాయి."

"వేరే పేరు పెట్టుకోలేవా?" మంచికే అడిగాననుకున్నాను.

"పెట్టుకోవచ్చు. అది ఎవురికి తెలుసు సావుకారమ్మా? ఈ పేరు జనం నోట్లో పడేదానికి ఇన్నేండ్లు పొయ్యి కాడ చేతులు కాల్చుకుంటిమి. నాతో తట్టేవాళ్ళలో ఇద్దరికి ఇదే బతుకు."

అమ్మాయితో మాట్లాడతానని చెప్పి, టీ ఇచ్చి పంపాను. ఆమె నిలబడే తాగింది. గ్లాసు తానే కడిగి గడప మీద బోర్లించి పోయింది.

నా పెళ్ళయిన కొత్తలో నేనూ మా ఆయనా హగరి ఏటి దిక్కున ఒక సావుకారి చేను గుత్తకు చేశాము. చేనంటే పేరుకే, అంతా రాళ్ళు. వేసవులన్నీ ఆ రాళ్ళేరి గెనిమల మీద పోశాము. గుత్తకు కాగితమేమీ ఉండదు. ఉగాదికి సావుకారి ఆకూవక్కా చేతిలో పెడితే ఇంకో ఏడాది మనది. పంట సరిగా చేతికొచ్చిన మరుసటి ఉగాదికి ఆయన ఆకూవక్కా ఇవ్వలేదు. అరుగు కింద చాలాసేపు నిలబడ్డాము. చివరికి, "రాళ్ళు మీరే ఏరినారు లేప్పా, కాదనల్యా. చేను నాది కదా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. లోపలినుంచి మజ్జిగ తెప్పించి ఇచ్చాడు. తాగి వచ్చాము.

ఆ సాయంత్రం అమ్మాయి రాగానే చెప్పాను, రొట్టెలామె దగ్గర పేరు తీసుకోవద్దని.

"ఇంటికే వచ్చినాదా? ఏడ్చినాదా?"

"ఏడ్చల్యా."

"ఆయమ్మే ఏడ్చకపోతే నడుమ నీకెందుకు మా ఏడుపు? మనం మోసం చేసినామా? ఏటేటా యాడాదికనే మాట్లాడుకుంటిమి, ఈ యాడాది అయిపాయ. పేరు మనది కదా."

"ఆ పేరుతో ఒక్క రొట్టె తట్టినామా మనం?"

"తట్టల్యా. దుడ్డు కట్టినాము. ఇడ్చిపెట్టు మా, నీ కన్ను ఎట్ల బాగైందో నీకి తెల్దా? హోటలాయన ఇచ్చేదాంతో ఈ రేకులు మార్పిద్దామనుకుంటి. వాన పడితే గిన్నెలు పట్టుకోని తిరిగేది నేను కాదు, నువ్వు."

అంతా నిజమే.

పేరు ఇంకొకరి చేతికి పోవాలంటే నా ఫోన్‌కు వచ్చే అంకెలు చెప్పాలి. అమ్మాయి తన ఫోన్‌లో ఏదో నొక్కింది. నా ఒడిలో ఫోన్ కదిలింది.

"చెప్పు మా."

చదవడం రానప్పుడు ఫోనే అమ్మాయి చేతికిచ్చేదాన్ని. ఇప్పుడు అంకెలన్నీ మనసులో చదువుకుని ఊరుకున్నాను.

"కనపడల్యా?"

"కనపడతాండాయి."

"మరి?"

"చెప్పను."

మొదట నవ్వింది. మళ్ళీ పంపింది. ఆ అంకెలకూ గడువు దాటిపోయింది. అప్పుడు కోపమొచ్చింది. "చదువు చెప్పినందుకు నాకే బుద్ధి చెప్తాండావు," అని ఫోన్ మంచం మీద పడేసింది. కాసేపటికి తనే వచ్చి పక్కన కూర్చుంది.

"సరే. ఇంగో యాడాది ఆయమ్మకే. కానీ బాడుగ పెంచుతా. దానికన్నా ఒప్పుకుంటావా?"

మనం కొన్న ధరకే ఆ పేరు ఆమెకు ఇచ్చేయమని అనవచ్చు. నోటిదాకా వచ్చింది. పైన రేకుల్లో, చిల్లులున్నచోట సాయంకాలపు వెలుతురు కనబడుతోంది.

"సరేలే," అన్నాను.

ఈ సంగతి ఫోన్‌లో చెప్పడానికి మొహం చెల్లక సంగనకల్లుకు పోయాను. రేకుల కొట్టంలో వరసగా పొయ్యిలు, పెనాలు, పీటల మీద పిండి. బయటికే తట్టే చప్పుడు వినిపిస్తోంది. నేను అడుగు పెట్టగానే ఆగిపోయింది. అందరూ పిండి చేతులతోనే లేచి నిలబడ్డారు. ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీని మా ఇంటికొచ్చినామె కొంగుతో తుడిచి నా ముందు పెట్టింది. వద్దని చాప మీద కూర్చోబోతే పట్టుకుని లేపారు. కుర్చీలోనే కూర్చున్నాను.

"పేరు మీకే ఉంటాది," అన్నాను. "ఇంగో యాడాది. బాడుగ కొంచెం పెరుగుతాది."

"మీ కొంచెం ఎంతుంటాదో మాకి తెల్దా సావుకారమ్మా!" అంది వెనకనుంచి ఒక ముసలామె. అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వబోయాను. అంతలో వాళ్ళు నా ముఖం చూసి ఒక్కసారిగా నవ్వాపేశారు.

"ఆయమ్మ మాటకేం లేండి," అంది కుర్చీ వేసినామె గబగబా. "పేరు నిలబెట్టినారు, అంతే చాలు. మీ కడుపు చల్లగుండ." వంగి నా కాళ్ళు ముట్టబోయింది. కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాను. ఎవరైనా తిడతారని, ఏడాది తర్వాత మా గతేమని అడుగుతారని దారంతా అనుకుంటూ వచ్చాను. అడిగితే ఏం చెప్పేదాన్నో తెలియదు. ఎవరూ అడగలేదు.

ఒక కట్ట రొట్టెలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టారు. ఇంకా వేడిగా ఉన్నాయి. డబ్బు తీయబోతే, "మీ కాడ తీసుకుంటామా!" అన్నారు. ఫోన్ నా సంచిలోనే ఉంది. అమ్మాయిని పిలిచి, ఆ పేరును వీళ్ళకు రాసిచ్చేయమని అక్కడినుంచే అనగలిగేదాన్ని.

"వస్తా తల్లీ," అని లేచాను.

బయటికొచ్చి వెనక్కి చూస్తే అందరూ ఇంకా నిలబడే ఉన్నారు. కూర్చోండని చెయ్యి ఊపాను. నేను వీధి మలుపు తిరిగేదాకా రొట్టెలు తట్టే చప్పుడు మొదలు కాలేదు.