గింజ పడేదాకా

నిన్న సాయంత్రం పిల్లలిద్దరినీ బడి నుంచి తీసుకొస్తుంటే ఝరాసంగం దారి మలుపులో తడి సున్నం వాసన తగిలింది. వాన అప్పుడే వెలిసింది. ఊరి గొర్రెలూ పశువులూ మేసే బీడును ఇక్కడ గాయిరాన్ అంటారు. ఆ గాయిరాన్ అంచున ఇద్దరు మనుషులు కొలతల గొలుసు పట్టుకుని నిలబడ్డారు. ఒకతను డబ్బాలోంచి సున్నం తీసి గడ్డి మీద గీత పోస్తున్నాడు. గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఎంత దూరం చూసినా ఒక్క గొర్రె లేదు. "ఏం కొలుస్తున్నరు?" అని అడిగాను. అతను తల కూడా ఎత్తలేదు. "ఖాళీ జాగనే కదమ్మా," అన్నాడు.  ఆ మాట వినగానే పిల్లల చేతులు ఎంత గట్టిగా పట్టుకున్నానో, "అమ్మా, నొస్తంది" అని చిన్నది లత ఏడ్చేదాకా నాకు తెలియలేదు.

ఖాళీ జాగ అనే మాట నేను ఇంతకుముందొకసారి విన్నాను. అప్పుడు దానికి జవాబు చెప్పిన మనిషి ఇప్పుడు లేదు. పిల్లలు నిద్రపోయారు. మా ఆయన పని మీద హైదరాబాదు వెళ్లారు. ఆమెను ఎన్నడూ చూడనివాళ్లకు ఆమె ఎవరో చెప్పాలని కలం పట్టుకుంటే, ముందుగా మనసులోకి వచ్చింది గౌరవం కాదు. బీరవ్వ మీద నాకున్నది అసూయ. ఆమె పోయాక కూడా అది పూర్తిగా పోలేదు.

మేము జహీరాబాదు వచ్చినప్పుడు శ్రీనుకు మూడేళ్లు. మా ఆయనది కరెంటు ఆఫీసులో ఉద్యోగం. నేను హన్మకొండలో బి.ఏ. చదివాను. ఆ చదువు నాకు ఉద్యోగం ఇవ్వలేదు గానీ, భయపడటానికి కావలసినన్ని కారణాలు ఇచ్చింది. నీళ్లు కాచి వడబోసేదాన్ని. పిల్లవాడు రెండుసార్లు తుమ్మితే దవాఖానకు పరుగెత్తేదాన్ని. వాడు నిద్రపోవాలంటే భుజాన వేసుకుని వసారా అంతా తిరగాలి. నా భుజం మీద తప్ప వాడికి నిద్ర రాదని నలుగురిలో విసుక్కుంటూ చెప్పేదాన్ని. నిజానికి అది నా గొప్ప.

మా అద్దె ఇంటి వెనకే కురుమల ఇళ్లు. గొర్రెలు కాయడం, ఉన్ని వడకడం, గొంగళ్లు నేయడం వాళ్ల బతుకు. ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చేసరికి శ్రీను కనిపించలేదు. పిచ్చిదానిలా వెతుక్కుంటూ వెళితే గొర్రెల కొట్టంలో దొరికాడు. మడత పెట్టిన గొంగడి మీద, గొర్రెపిల్లల మధ్య నిద్రపోతున్నాడు. పక్కన యాభై దాటిన ఒక ఆడమనిషి కదురు తిప్పుతూ నల్లటి ఉన్ని వడుకుతోంది. వాడిని ఎత్తుకోబోయాను.

"లేపకు బిడ్డా. గిప్పుడే పండిండు."

"వీడు నా భుజం మీద తప్ప పడుకోడు."

"గట్లనా? మరి నా గొర్లకు గా సంగతి ఎవ్వరు చెప్పలే," అని నవ్వింది బీరవ్వ. "నీ కొడుకును నేను గుంజుకుంటలేను తల్లీ. ఆడే వచ్చిండు. ఆకలైతె ఆడే వస్తడు, పో."

నేను పోలేదు. వాడు లేచేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. ఇంటికి తెచ్చి వేడినీళ్లతో తల రుద్దినా ఆ ఉన్ని వాసన వదల్లేదు. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నమయ్యేసరికి "అవ్వ దగ్గరికి పోత" అని వాడు తలుపు గీరేవాడు. నేను కథలు చెప్పాను, బెల్లం పెట్టాను. గొర్రెపిల్లలతో పోటీకి నిలిచి ఓడిపోయాను.

వాడిని తీసుకురావడానికని వెళ్లీ వెళ్లీ నేనూ ఆ కొట్టానికి అలవాటుపడ్డాను. ఒకరోజు ఒక గొర్రె ఈనుతూ చచ్చిపోయింది. మిగిలిన పిల్లను బీరవ్వ ఇంకో తల్లిగొర్రె దగ్గరికి తెచ్చింది. ఆ తల్లికి అప్పటికే ఒక పిల్ల ఉంది. ఈ కొత్త పిల్ల మూతి పెట్టగానే అది ఎగిరి తన్నింది. బీరవ్వ కోప్పడలేదు. దాని పాలే కొన్ని పిండి, అనాథ పిల్ల వీపంతా పూసింది. మళ్లీ దగ్గరికి తోసింది. మళ్లీ తన్నింది. మళ్లీ పూసింది.

"ఎంత అసూయో దీనికి," అన్నాను.

"కండ్లమంట గాదు బిడ్డా, భయం. తన పిల్లకు పాలు సాలయేమోనని." నావైపు చూడకుండానే అంది. "జరసేపు వాసన సూడనియ్యాలె. తొందరవెడితే రెండు పిల్లలు ఆగమైతయి."

ఆమె గొర్రె గురించే చెప్పిందో, నా గురించి చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. చీకటి పడేలోగా ఆ తల్లి రెండో పిల్లను నాకింది. నేను మాత్రం అంత త్వరగా మెత్తబడలేదు.

ఆమె దగ్గర లేనిది నా దగ్గర ఏముందా అని వెతుక్కుంటే, చదువొక్కటే కనిపించింది. అందుకే ఒక సాయంత్రం పేపరులో చూసిన వార్త పట్టుకుని వెళ్లాను. చాలా దూరాన ఉత్తరాన ఒక మంచుదేశంలో సామీలనే జనం ఉన్నారని, గొర్రెలకు బదులు పెద్దకొమ్ముల జింకలను మందలుగా మేపుతారని చదివి చెప్పాను. వాళ్లు తిరిగే చోట సర్కారు ఆనకట్ట కట్టబోతే, మా దారులు మూసెయ్యొద్దని పార్లమెంటు ముందు అన్నం మానేసి కూర్చున్నారని చెప్పాను. బీరవ్వ కదురు ఆపేసింది.

"జింకల బొచ్చు కత్తిరిస్తరా?"

"తెలియదు."

"మంచుల ఏం మేస్తయి?"

"మంచు తవ్వుకుని కింద ఉన్న నాచు మేస్తాయట."

"మరి గెలిసిన్రా ఆల్లు?"

"పేపర్లో అంతవరకు లేదు."

"గదేం పేపరమ్మా, అసలు ముచ్చటే లేదు!" అని మళ్లీ కదురు తిప్పింది. వారం తిరగకుండా కురుమవాడ అంతా ఆ కథ పాకింది. అయితే అందరూ అది బీరవ్వ చెప్పిన కథ అన్నారు. ఆఖరికి శ్రీను కూడా నాకు చెప్పడానికి వచ్చాడు: "అమ్మా, అవ్వకు జింకలోల్లు ఎర్కనట!"

ఆ ఏడాది వానాకాలంలోనే గాయిరాన్‌కు ముప్పు వచ్చింది. అక్కడ నీలగిరి తోట పెంచుతారని ఊళ్లో అనుకున్నారు. లారీలో మొక్కలు కూడా దిగాయి. తోట చుట్టూ కంచె వేస్తే మందకు మేపూ ఉండదు, వాగుకు దారీ ఉండదు. మంద లేకపోతే ఉన్ని లేదు, గొంగడి లేదు. పంట కోసిన చేలల్లో ఎరువు కోసం మందను పడుకోబెట్టించుకునే రైతులకూ ఏమీ లేదు. బీరవ్వ కొడుకు మందను అమ్మేసి లారీ మీద కూలికి పోతానని అప్పటికే అంటున్నాడు. "గొర్లను అమ్మినంక మనం కురుమలెట్లైతం రా?" అని ఆమె అడిగితే, వాడు లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆమె కదురు ముట్టుకోకుండా కూర్చోవడం నేను ఆ రోజే చూశాను.

ఒక అధికారి వచ్చి బీడు చూసుకుని, గొర్రెలేవీ లేవు, ఖాళీ జాగ అని చెప్పి వెళ్లాడు. గొర్రెలు లేని మాట నిజమే. అది వీళ్ల కట్టుబాటు. తొలకరి పడగానే గాయిరాన్ అంచున తమ దేవుడు బీరప్ప పేరు తలచి కల్లు నేల మీద సాకగా పోసి, గడ్డిని వదిలేస్తారు. గడ్డి ఎదిగి, గింజ కట్టి, ఆ గింజ నేల మీద పడేదాకా ఎవరి మందా అందులో అడుగు పెట్టకూడదు. అన్నాళ్లూ మందలు బీదరు వైపు బీళ్లకు వెళ్తాయి. అధికారి సరిగ్గా అప్పుడే వచ్చాడు. వస్తున్నట్టు ముందురోజే తెలిసినా, వాళ్లు నాలుగు గొర్రెలను తోలుకొచ్చి నిలబెట్టలేదు. పైగా పెద్దసారు వస్తున్నాడని అంచునున్న మేకలను కూడా తోలేసి, దారి ఊడ్చి పెట్టారు. నాకు తల కొట్టుకోవాలనిపించింది.

అర్జీ నేనే రాశాను. ఒకటి కాదు, జవాబు వచ్చేదాకా రాశాను. లత కడుపులో ఉంది. కాళ్లు వాచేవి. అయినా ఆఫీసు మెట్లెక్కి స్వయంగా ఇచ్చి వచ్చాను. చివరికి ఆ అధికారి మళ్లీ చూడటానికి ఒప్పుకుని వచ్చాడు. అర్జీ నకలు చేత్తో పట్టుకుని, ఏం మాట్లాడాలో అంతా బట్టీ పట్టి, నేను ముందువరుసలో నిలబడ్డాను. ఆయన నా చేతిలోని కాగితం వైపు చూడనే లేదు. సూటిగా బీరవ్వనే అడిగాడు.

"మీ గొర్రెలేవమ్మా? రెండుసార్లు వచ్చిన, ఒక్కటి కనపడలే."

"కనవడకుంట వెట్టినం సారూ. ఇప్పుడు గొర్రె కనవడితె ఎండకాలం గడ్డి కనవడది." ఆమె కొంగు నడుముకు చుట్టుకుంది. "మా ఇంట్ల గుమ్మిల విత్తనం జొన్నలుంటయి. ఎవ్వరు తింటలేరని అవి ఖాళీ అంటవా? నా సొంత కొడుకు ఒకసారి మందను గీ గడ్డిలకు తోలిండు. కులం ముందట నిలవెట్టి తప్పు కట్టిచ్చిన. ఎవ్వలది గాని జాగకు గింత కావలి ఎందుకు సారూ?"

ఆయన ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"మంచుదేశంల మా సుట్టాలున్నరు. సామీలంటరు. జింకలు మేపుతరు. ఆల్లకు గూడ గిట్లనే అయింది. సర్కారు ముందట తిండి బంద్ వెట్టి కూసున్నరు. మేం గూడ కూసుంటం."

అధికారి నవ్వాపుకోలేకపోయాడు. "నీకెవరు చెప్పిన్రమ్మా ఇదంతా?"

"అందరికెర్కే," అంది బీరవ్వ.

నా కథ, నా అర్జీ, నా కొడుకు. వాడు ఆ క్షణంలో కూడా ఆమె కొంగు పట్టుకునే ఉన్నాడు.  అధికారి గట్టు మీద కూర్చుని, మంద ఎప్పుడొస్తుంది, వాగుకు ఏ దారిన పోతుంది అని చాలాసేపు అడిగాడు. ఆఖరికి పైభాగం తోటకు పోయింది. కిందిభాగమూ వాగుదారీ మందకు మిగిలాయి. సగం పోయిందని బీరవ్వ ఏడ్చింది. సగం మిగిలిందని బీరప్ప గుడి దగ్గర యాటను కోశారు.

ఆ విందులో నేను ఒక మూలన నిలబడ్డాను. ఎవరూ నా పేరెత్తలేదు. అన్నం తిని వెళ్లిపోదామనుకుంటుంటే బీరవ్వ అందరిలోకి పిలిచింది.

"ఓరుగల్లు బిడ్డా, ఇటు రా. ఇనున్రి, నాకు ఈమె మీద కండ్లమంట! గిన్నేండ్ల సంది నేను అరిసిన అరుపు ఈ కొట్టం దాటలే. ఈమె కూసున్నకాడ గీత గీస్తె ఆఫీసు లేచి నడుసుకుంట వచ్చింది. నాకా చెయ్యి ఉంటే మీ అందరిని ఏలుదును!"

అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ రోజు నా అసూయ తగ్గలేదు, పెరిగింది. ఇన్నాళ్లూ నేను లోపల దాచుకుని కుమిలిన మాటను ఆమె నలుగురిలో, యాట కూర తింటూ, అంత తేలిగ్గా అనేసింది. ఆ తేలికతనం నాకెప్పుడు వస్తుంది?

పోయిన చలికాలంలో బీరవ్వ జ్వరంతో చనిపోయింది. ఆమె నాకిచ్చిన గొంగడిని వాసన పడక పెట్టెలో పెట్టేదాన్ని. ఇప్పుడు పిల్లలిద్దరూ దాని కిందే పడుకుంటారు. నిన్న ఆ మిగిలిన సగం మీద కూడా సున్నం గీతలు చూశాక తిన్నగా ఆమె కోడలు సాయవ్వ దగ్గరికి వెళ్లాను. మగవాళ్లంతా మందలతో బీదరు వైపు ఉన్నారు. సాయవ్వకు నెలలు నిండాయి. "అత్త ఉంటే నోటితోనే గెలుసు. నువ్వే పోవాలక్కా. ఆడోల్లు నలుగురు నీ ఎనక వస్తరు," అంది. అర్జీ రాయగలను. ఆ కుర్చీల ముందు నిలబడి నోరు విప్పడమే నాకు భయం. బీరవ్వకు ఎందుకుండేది కాదు ఆ భయం? ఇది రాస్తున్నప్పుడు కూడా అదే కడుపుమంట.

తెల్లవారింది. అర్జీ మడిచి కొంగున కట్టుకున్నాను. పిల్లలకు జడలు, బొత్తాలు, సద్ది డబ్బాలు అన్నీ అయ్యాక ఇద్దరినీ గుమ్మంలో నిలబెట్టి చెప్పాను.

"బడి అయినంక ఇంటికి రాకున్రి. సాయవ్వ దగ్గరికి పోన్రి. ఆమె పెట్టింది తినున్రి. నీళ్లు కాచినవేనా అని అడగకున్రి. నిద్రొస్తే అక్కడే పండున్రి. నేను ఆఫీసుకు పోతున్న, మాట్లాడనీకి."

శ్రీను నా ముఖంలోకి అనుమానంగా చూశాడు. "అక్కడ పండితే నీకు కోపం రాదా?"

"రాదు. కండ్లమంట అయితది. అయినా పోన్రి," అన్నాను. "పోయేటప్పుడు మాత్రం గట్టు మీదికెళ్లి పోన్రి. గాయిరాన్‌ల అడుగు పెట్టకున్రి, గింజ పడేదాకా."