యాదలక్ష్మి తోమిన పొయ్యి

అత్తకు అన్నం పెట్టని కోడలని యాదలక్ష్మికి మా వాడంతా కలిసి పేరు పెట్టేశారు. ఆ మాటన్న నోళ్ళలో మన్నుపడ! సిద్దిపేటలో ఇన్నేళ్ళుగా వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఆ ఇంట్లో ఏది మాడినా ముందు నా ముక్కుకే తెలుస్తుంది. అసలు సంగతి నన్నడగండి, చెబుతాను.

యాదలక్ష్మిది నేతపని. ముందు గదిలో మగ్గం, వెనక వంటగది. మొగుడు భూపతి మహారాష్ట్రలోని భివండీలో మరమగ్గాల మీద పనిచేస్తాడు, పండక్కో పబ్బానికో వస్తాడు. ఇంట్లో ఉండేది ఆమె, అత్త బుచ్చవ్వ, అంతే.

బుచ్చవ్వ మామూలు మనిషి కాదు. మొగుడు పోతే బీడీలు చుట్టి కొడుకునూ కూతురు సుమిత్రనూ పెంచింది. మా వాడలో గ్యాస్ పొయ్యి మొదట వచ్చింది ఆమె ఇంటికే. కోడలు మగ్గం మీద కూర్చుంటే వంట ఆమెదే. "నా చేతులాడినన్ని దినాలు నా పొయ్యి ఎవలకియ్య" అనేది. కోడలు తుడిచిన పొయ్యిని మళ్ళీ తుడిచేది, అంత చాదస్తం. నన్నూ వదలలేదు. మా వంటింట్లోకి వచ్చి, "గిది పొయ్యా, పెంటకుప్పనా?" అని మొహం మీదే అడిగింది ఒకసారి.

అలాంటి మనిషికి మతిమరుపు పట్టుకుంది. ఒకరోజు పాలు పొయ్యి మీద పెట్టి వాకిట్లో కూర్చుండిపోయింది. మగ్గం చప్పుడులో యాదలక్ష్మికి ఏమీ తెలియలేదు. వాసనకు నేనే పరుగెత్తాను. గిన్నె బొగ్గయింది, పొంగిన పాలు పొయ్యంతా నల్లగా అట్టకట్టాయి. బుచ్చవ్వ అది చూసి నేల మీద కూలబడింది. కోడలి చేయి లాక్కుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఎవలకు చెప్పకు బిడ్డా. భూపతికి, సుమిత్రకు అస్సలే చెప్పకు. పిచ్చిలేసిందని నలుగురు అన్నరంటే నేను బతక."

"చెప్పనత్తమ్మా, నీ మీద ఒట్టు" అంది యాదలక్ష్మి. నేనూ ఒట్టేశాను.

ఇక మొదలైంది. ఒకరోజు పప్పు, ఒకరోజు గంజి, ఒకరోజు బెల్లం పాకం. మాడిన ప్రతిసారీ ముసలామెను ఏదో ఒకటి చెప్పి పడుకోబెట్టడం, ఆమె లేచేలోగా పొయ్యిని ఎప్పటిలా చేయడం. వేడినీళ్ళలో సోడా కలిపి పోసి, తడిబట్ట కప్పి నానబెట్టేది. పాత గరిటె అంచుతో మెల్లగా గీకేది. నిమ్మతొక్కతో రుద్దేది. బర్నర్ల బెజ్జాలు ఒక్కొక్కటీ పిన్నుతో పొడిచేది. సోడాకు వేళ్ళు పగిలి, మగ్గం మీద కూర్చుంటే నూలుపోగు ఆ పగుళ్ళకు పట్టుకునేది. చీర కొంగు మీద గొల్లభామ బొమ్మల్ని నేయాల్సిన వేళ్ళు అవి! చూడలేక కసిరాను.

"పైపైన తుడిచి ఇడిసిపెట్టు పిల్లా. నీ పానం పోతది."

"లెవ్వంగనే ముందుగాల పొయ్యే చూస్తదక్కా. చూసి ఏడుస్తది" అంది.

మరోరోజు బుచ్చవ్వ గ్యాస్ తిప్పి ముట్టించడం మరిచిపోయింది. ఇల్లంతా వాసన. అప్పటినుంచి యాదలక్ష్మి మగ్గం ఎక్కేముందు రెగ్యులేటర్ బందు చేసేది. అత్త అడిగితే గ్యాస్ అయిపోయిందనేది. ముసలామె తళతళలాడే పొయ్యి ముందు నిలబడి లైటర్ నొక్కుతూ ఉండేది. టిక్కు, టిక్కు. గోడ ఇవతల నాకు ఆ చప్పుడు వినిపిస్తూనే ఉండేది.

అప్పుడే ఊడిపడింది ఆడబిడ్డ సుమిత్ర. జగదేవ్‌పూర్‌లో ఉంటుంది. కొమురవెల్లి మల్లన్నకు మొక్కి, తల్లిని చూసిపోదామని మధ్యాహ్నం వచ్చింది. ఆరోజు యాదలక్ష్మి రెగ్యులేటర్ బందు చేయడం మరిచి మగ్గమెక్కింది. పప్పూ అన్నం రెండూ మాడితే అవి పారబోసి, గ్యాస్ బందు చేసి, అప్పుడే పొయ్యి తోమి ముగించింది. మళ్ళీ వండాలి. సుమిత్ర నేరుగా వంటింట్లోకి పోయి మూతలు తీసి చూసింది.

"పొయ్యి మీద వండిన ఆనవాలే లేదు! గిన్నెలు ఖాళీ, గ్యాస్ బందు. మా అవ్వను ఉపాసం పెడ్తున్నవా వదినె?"

బుచ్చవ్వ లేచి వచ్చి కూతురి చేయి పట్టుకుంది. "నా పొయ్యి నన్ను ముట్టనిస్తలేదు బిడ్డా. అడిగితే గ్యాస్ అయిపోయిందంటది."

ఒట్టు వేయించుకున్న మనిషికే ఆ ఒట్టు గుర్తులేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "జర ఆగవే సుమిత్రా, నువ్వు..." అని నోరు తెరిచాను. యాదలక్ష్మి నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ముసలామె అక్కడే నిలబడి ఉంది మరి. ఆమె మొహం మీద ఎలా చెప్పడం?

"తప్పయింది సుమిత్రా" అంది యాదలక్ష్మి.

సుమిత్ర తన తల్లి బట్టలు సర్ది, ఆమెను తీసుకుపోవడానికి ఆటో పిలిచింది. వాడంతా బయటికొచ్చి చూసింది. ఆ సాయంత్రమే భూపతి ఫోన్ చేశాడు. "నా అవ్వను ఎల్లగొట్టినవ్. ఇగ నాతోని మాట్లాడకు" అని పెట్టేశాడు. యాదలక్ష్మి ఏడవలేదు. పోయి మగ్గం మీద కూర్చుంది. తర్వాత నల్లా దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి మాటలాపేసినా బిందె నింపుకుని వచ్చేసేది.

మొన్న ఆదివారం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. యాదలక్ష్మి రెండు చేతులా నూలు పట్టుకుని ఉంటే ఫోన్ మోగింది. సుమిత్ర. నేనే స్పీకర్ నొక్కాను.

"వదినె..." గొంతు చాలా చిన్నగా ఉంది. "పాలు మాడి పొయ్యికి నల్లగ పట్టింది. గిది మూడోసారి. ఎంత తోమినా పోతలేదు. ఎట్ల పోతది?"

నేను యాదలక్ష్మి భుజం గిల్లాను. అప్పుడన్న మాటల గురించి అడుగు, ఇప్పుడడుగు! ఆమె నూలు కింద పెట్టి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"ఉడుకునీళ్ళల్ల సోడా కలిపి దాని మీద పొయ్. తడిబట్ట కప్పి జర ఆగు, ఎంటనే గీకకు. అత్తమ్మ లెవ్వకముందుగాల కడుగు సుమిత్రా. చూస్తే తట్టుకోదు."

అవతల వెక్కిళ్ళు. "ఎన్ని దినాలు గిట్ల తోమినవ్ వదినె?" ఆ మాటతోనే ఫోన్ ఆగిపోయింది.

నేను సంబరంగా లేచాను. "నీ పేరు నిలబడ్డది పిల్లా! ఇయ్యాల్నే వాడంత చెప్పొస్త."

ఆమె నా కొంగు పట్టుకుని ఆపింది. అన్ని మాటలు పడ్డప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"నేను సరిగ చూసుకోకనే అత్తమ్మకు గట్లయిందేమో అనుకున్ననక్కా. బిడ్డ దగ్గరన్న మంచిగైతది, మునుపటి లెక్క వండుకుంటది అనుకున్న. నాదే తప్పయితే ఎంత మంచిగుండునక్కా!" అని నా ఒళ్ళో తల పెట్టుకుంది.