నాయన తాగి చూసిన రెండు సముద్రాలు

మా అమ్మకు సముద్రం చూడాలని ఉండేది. ఎందుకని ఎవరమూ అడగలేదు. పెళ్ళయిన కొత్తలో నాయనతో చెబితే, వాన పడనీ పోదాం అన్నాడట. మా బత్తలపల్లె పక్క వాన పడితే కదా. పడిన ఏడు శెనక్కాయ విత్తాలి, కలుపు తీయాలి, చెట్టు పీకాలి, కాయ ఒలవాలి. పడని ఏడు ఏ మొహం పెట్టుకుని ఊరు దాటుతాం అనేవాడు. ఇట్లా నేను పుట్టి, పెరిగి, ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారికి పెళ్ళామై, ఇద్దరు పిల్లల తల్లినయ్యాను. సముద్రం ఉన్నచోటే ఉంది, మా అమ్మా ఉన్నచోటే ఉంది.

ఎనభైలు మొదలయ్యేనాటికి అమ్మకు మోకాళ్ళు పట్టుకున్నాయి. ఇంకో రెండు మూడేళ్ళు పోతే రైలు మెట్టు కూడా ఎక్కలేదని నాకు భయం పట్టుకుంది. ఈసారి తీసుకుపోకపోతే నీ గడప తొక్కనని నాయనతో పోట్లాడాను. నాకు కోపం ఎక్కువ. అది ఆయన దగ్గర్నుంచి వచ్చిందే కాబట్టి దాని సంగతి ఆయనకు బాగా తెలుసు. సరేలేమ్మా పోదాం అన్నాడు. అమ్మ ఆ మధ్యాహ్నమే దారిలోకి రొట్టెలకని పిండి విసరడానికి కూర్చుంది. ఏ ఊరి సముద్రానికి అన్న ప్రశ్న అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

తట్టినాక కొంప మునిగింది. మా తమ్ముడికి విశాఖపట్నంలో ఉద్యోగం. కొండా సముద్రమూ ఒక్కచోటే కనిపించే ఊరు ఇంకెక్కడుందో చూపించమంటాడు. ఓడలు ఇంటి మిద్దె మీద నుంచే కనిపిస్తాయంటాడు. మా ఆయన నెలకొకసారి చీరల మూటలతో మద్రాసు పోయొచ్చే మనిషి. అక్కడి ఇసుకంత వెడల్పు ఇసుక దేశంలోనే లేదని, సాయంత్రం ఆ ఇసుకలో కూర్చుని వేడివేడి గుగ్గిళ్ళు తినకపోతే బతుకే దండగని ఆయన వాదన. ఆ సముద్రాన్ని ఆయనే తవ్వించినట్టు మాట్లాడేవాడు. తమ్ముడు ఊరికి వచ్చిన ఆదివారం ఇద్దరూ ఎదురెదురుగా విస్తళ్ళ ముందు కూర్చుని, వేటకూర చల్లారిపోతున్నా ఓడలూ గుగ్గిళ్ళూ అంటూ అరుచుకున్నారు. మా సీమలో ఏదైనా రెండు పార్టీలు కాకుండా ఉండదు కదా, మూడో రోజుకల్లా టీ అంగడి దగ్గర కూడా విశాఖ పార్టీ, మద్రాసు పార్టీ తయారయ్యాయి. వాళ్ళలో సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు.

నాయన అందరి మాటా విని, చివరికి తన తీర్పు చెప్పాడు. రెండు చోట్ల నుంచీ నీళ్ళు తెప్పించండి, తాగి చూస్తాను అన్నాడు.

ఇది విని బయటివాళ్ళు నవ్వుతారు గానీ మాకు నవ్వు రాలేదు. నీళ్ళు తాగి చూడడంలో ఆ చుట్టుపక్కల నాయనకు పేరుంది. ఎవరు చేను కొన్నా, ఎవరు బావి తవ్వించినా ఆయన్ని పిలుచుకుపోయేవాళ్ళు. ఒక గుక్క నోట్లో పోసుకుని, బుగ్గలో అటూ ఇటూ తిప్పి, ఉమ్మేసి, కాసేపు కళ్ళు మూసుకుని చెప్పేవాడు. నా పెళ్ళి సంబంధానికి ధర్మవరం వచ్చినప్పుడు కూడా ముందు వాళ్ళ బావి నీళ్ళు తాగి, బాగున్నాయన్నాక పెళ్ళికొడుకు వైపు చూశాడు. ఆ అవమానం మా ఆయన ఇంకా మరిచిపోలేదు. మా బావి చేను అవతల ఉండేది. నీళ్ళ రుచి చెప్పడం నాయన పని, ఇంటికి మోసుకురావడం అమ్మ పని. అందులో వింతేముందని అనుకునేవాళ్ళం.

సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయి నాయనా, తాగి చూసేదేముంది అన్నాను. పైగా రెండు ఊళ్ళదీ ఒకటే సముద్రమని పటం తెచ్చి చూపించాను.

"ఉప్పని నాకు తెల్దా? ఒకే చెర్లో ఈ గట్టు నీళ్ళు వేరే, ఆ గట్టు నీళ్ళు వేరే. సూడకుండా యాడికీ పోయేది లేదు" అన్నాడు.

అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. ఇది కూడా వాన పడనీ అన్నట్టే ఉంది.

తమ్ముడు ఒక డబ్బాలో పట్టి, పైన గుడ్డ కట్టి, తెలిసినవాళ్ళ చేత పంపాడు. అడుగున ఇంత ఇసుక కూడా వేశాడు, నమ్మకం కోసం. మా ఆయన చేతికి మద్రాసులో బ్రాందీ సీసా తప్ప ఇంకేమీ దొరకలేదట. దాన్ని కడిగి, నింపి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురు సీటు పెద్దమనిషి దారి పొడుగునా అన్నా అన్నా అంటూ అతి మర్యాదగా మాట్లాడి, తన దగ్గరున్న అరటిపండ్లన్నీ ఈయనకే పెట్టాడట. రేణిగుంట దాటినాక ఇక ఆగలేక గ్లాసు చాపాడు. సముద్రం నీళ్ళని చెప్తే నమ్మలేదు. పోస్తే తాగాడు. తర్వాత దిగేదాకా మాట్లాడలేదు.

నీళ్ళు చూసే రోజు మా అరుగు మీద జనం నిండిపోయారు. నాయన పుక్కిలించి, మొహం కడుక్కుని, బావి పని మీద వచ్చినట్టే గంభీరంగా కూర్చున్నాడు. ముందు విశాఖ. బుగ్గలో తిప్పాడు, ఉమ్మేశాడు, కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మద్రాసు. పక్కింటి పెద్దాయన, ఏమప్పా అంత సేపా అని తానూ ఒక గుక్క లాక్కుని మింగేశాడు. ఆయన్ని గోడ వారకు తీసుకుపోయి వీపు రాయాల్సి వచ్చింది. జనం నవ్వుతున్నారు. నాయన కళ్ళు తెరిచాడు.

"రెండూ పనికి రావు" అన్నాడు. "ఒకటి చేదుప్పు, ఒకటి కారుప్పు. ఆడికి పోయి మనం చేసేదేముండాది?"

జనం నిజమే నిజమే అన్నారు. విశాఖ పార్టీ, మద్రాసు పార్టీ ఒక్కటయ్యాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచేలోగా అమ్మ గడప దాటి అరుగు మీదికి వచ్చింది. అంతమంది మగవాళ్ళ మధ్యకు ఆమె అట్లా రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

"మనం బాయి కొనేకి పోతాండామా?" అని అడిగింది. గొంతు పెంచలేదు. "నువ్వు ఈన్నే ఉండు. నేను సూసేకి పోతాండా. ముందు ఏ రైలొస్తే దాన్నెక్కుతా."

నాయన తెల్లమొహం వేశాడు. జనం ఎవరి తువ్వాలు వాళ్ళు దులుపుకుని లేచిపోయారు. అమ్మ లోపలికి పోయి రొట్టెలు కాల్చడం మొదలుపెట్టింది.

రెండు వైపుల బండ్లూ ఆగే గుత్తి స్టేషన్‌లో ముందు వచ్చింది మద్రాసు బండి. మా ఆయన ఆనందం చూడాలి. విశాఖ వైపు బండి ఎప్పుడూ ఆలస్యమేనని, ఇది అన్యాయమని తమ్ముడు తర్వాత ఏడాది పాటు దెప్పాడు. అమ్మ ఎక్కింది, నేనెక్కాను, మా ఆయన ఎక్కాడు. బండి కదిలేముందు నాయన కూడా ఎక్కాడు, భుజం మీద మా బావి నీళ్ళ క్యానుతో. ఆ ఊరి నీళ్ళు తాగితే రోగమొస్తుందని గొణుక్కుంటూ ఒక మూల కూర్చున్నాడు. దాన్ని పిల్లకాయలాగా పట్టుకుని రాత్రంతా నిద్రపోలేదు.

మరుసటి సాయంత్రం ఇసుకలో నడిచాం. మా ఆయన చెప్పింది అబద్ధం కాదు, నడిచేకొద్దీ ఇసుకే. అమ్మ మోకాళ్ళు పట్టుకుని నాలుగు చోట్ల ఆగింది గానీ వెనక్కి తిరగలేదు. నీళ్ళ అంచున చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నిలబడి, అటూ ఇటూ చూసింది. చాలాసేపు చూసింది. నాయన వెనక నిలబడి, ఈ నీళ్ళన్నీ శెనక్కాయకు పారిస్తే ఎన్నూళ్ళకు సరిపోతాయో మా ఆయనకు వివరిస్తున్నాడు. అంతా ఉప్పు, ఏం లాభం అని నిట్టూర్చాడు.

అమ్మ తిరిగి ఆయన వైపు చూసింది.

"ఇన్ని నీళ్ళుండాయి గదయ్యా, ఒక్క ఆడదన్నా బిందెత్తుకోని నిలబడిందేమో సూడు. ఇట్లాంటి నీళ్ళు ఒక్కసారన్నా సూడాలనే నేనొచ్చింది. ఉప్పగుండేదే మేలు. తియ్యగుండింటే దీన్ని గూడా నాతోనే మోపిచ్చుందువు."

నవ్వుతూనే అంది. మా ఆయన ఫక్కుమన్నాడు. కాసేపటికి అమ్మ ఇసుకలో కూర్చుంటే, నాయన కూడా పక్కన చతికిలబడ్డాడు. పంచె తడుస్తున్నా లేవలేదు.

చీకటి పడుతుంటే, పోదాం మామా అని మా ఆయన పిలిచాడు. నాయన అమ్మ వైపు తిరిగి, "ఇంగా కొంచేపు కూర్చుందామా?" అని అడిగాడు.

కూర్చుందాం అంది అమ్మ.