మా బావ నిచ్చెన గుర్తు

పోయిన నెలలో నందిగామ నుంచి ఒక కాలేజీ లెక్చరరుగారు, మంచి కుర్రాడే పాపం, ఎండలో స్కూటరు మీద మా జగ్గయ్యపేట ఇంటికి వచ్చి, మా అక్క భర్త, అంటే రెండుసార్లు శాసనసభకు వెళ్ళివచ్చిన మా బావ పుట్టి నూరేళ్ళు నిండాయనీ, ఆ సందర్భంగా ఒక చిన్న పుస్తకం వేస్తున్నామనీ, ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమనీ అడిగాడు. చెప్పేవాణ్ణే. కానీ గుమ్మంలో చెప్పులు విడుస్తూనే "మీరు ఆయనగారి బావమరిది కదండీ" అన్నాడు. తొంభై దాటినా నాకంటూ ఒక పేరుందని ఈ లోకానికి తెలియదన్నమాట! ఆపైన నోటుబుక్కు తెరిచి, గెలిచినవి రెండు, ఓడినది ఒకటి, ఆ తర్వాత ఆయన మళ్ళీ నిలబడనే లేదు, కారణం ఏమై ఉంటుందని అడిగాడు. ఏమీ గుర్తులేదని చెప్పి, కాఫీ ఇచ్చి పంపేశాను.

అబద్ధమాడాను. నాకు అన్నీ గుర్తున్నాయి. ఆ కుర్రాడికి చెప్పలేనిది, ఆ రోజులు ఎరిగిన నా ఈడువాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళకు చెప్పుకుంటున్నాను.

మా బావ భూవసతి ఉన్న ఇంట్లో పుట్టి, మద్రాసులో లా చదివి, నందిగామ కోర్టులో ప్లీడరుగా ఉండేవాడు. పొడగరి, పచ్చని ఛాయ, గంటలాంటి గొంతు. నేను అయిదో తరగతితో బడి మానేసి నాగలి పట్టినవాణ్ణి. కొట్లో బెల్లం చుట్టి ఇచ్చిన కాగితం ముక్కలు కూడా వదలకుండా చదివి, గ్రంథాలయంలో పుస్తకాలన్నీ రెండేసిసార్లు తిరగేసి, నిఘంటువు ముందు పెట్టుకుని ఇంగ్లీషు కూడా నాకు నేనే కూడబలుక్కున్నాను. అప్పట్లో జగ్గయ్యపేట వైపు రైతులు కూడా తాలూకా కచేరీ పనికి నందిగామ వెళ్ళాల్సిందే కాబట్టి, ఆ కచేరీ ముందు ఒక బల్ల వేసుకుని అర్జీలు రాసేవాణ్ణి. ఏ ఊరి చెరువుకు గండి పడింది, ఏ ఊళ్ళో గట్టు తగాదా ముదిరింది, అన్నీ నా వేళ్ళ చివర ఉండేవి. మా బావకు సెక్షన్లు తెలుసు, నాకు మనుషులు తెలుసు. అయినా ఇద్దరం కలిసి ఇంటికి వెళితే, మా అమ్మ, నన్ను కన్న తల్లి, అల్లుడికి వెండి గ్లాసులో పాలూ నాకు ఇత్తడి గ్లాసులో మజ్జిగా తెచ్చేది. మజ్జిగ మంచిదే, కాదనను. కానీ గ్లాసు మాత్రం నేను ఈనాటికీ మర్చిపోలేదు.

మొట్టమొదటి ఎన్నికలు వచ్చినప్పుడు, మన కుటుంబం నుంచి ఎవరో ఒకరు నిలబడాలని మా పెద్దనాన్న ఇంట్లో అందరూ కూర్చున్నారు. నాకు అప్పటికి పాతికేళ్ళు నిండాయి. ధైర్యం చేసి గొంతు సవరించుకున్నాను. మా పెద్దనాన్న చుట్ట నోట్లోంచి తీసి నవ్వాడు. "నువ్వారా? నువ్వు అర్జీలు రాసుకోరా అబ్బాయ్. నిలబట్టానికి అల్లుడుగారున్నారుగా!" అందరూ నవ్వారు. మా బావ మాత్రం నవ్వలేదు. అతను నవ్వకపోవటమే నాకు ఎక్కువ మండింది.

ఏ పార్టీ లేకుండా స్వతంత్రంగా నిలబడ్డాడు, నిచ్చెన గుర్తు వచ్చింది. మీకు జ్ఞాపకముండే ఉంటుంది, అప్పట్లో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. తెర చాటున పెట్టెలన్నీ వరసగా పెట్టి వాటి మీద గుర్తులు అంటించేవారు, మనకు కావలసిన గుర్తున్న పెట్టెలో చీటీ వేసి రావటమే. చదువురాని జనానికి పేరు చెప్పి లాభం లేదని, వెదురు చీల్చి అయిదు మెట్ల చిన్న నిచ్చెన ఒకటి నా చేతులతోనే కట్టి, సైకిలుకు తగిలించుకుని ఊరూరా తిరిగాను. పెనుగంచిప్రోలు దగ్గర మున్నేరు ఇసకలో సైకిలు ఒక భుజాన, నిచ్చెన ఇంకో భుజాన పెట్టుకుని నడిచాను. ఇంటింటికీ నిచ్చెన చూపించి, "ఈ బొమ్మున్న పెట్టెలో ఎయ్యండి" అని పిల్లలకు ఓనమాలు నేర్పినట్టు నేర్పాను. జనం ఎంతగా నేర్చుకున్నారంటే, మా బావ పేరు మర్చిపోయి ఆయన్ని "నిచ్చెనాయన" అనటం మొదలుపెట్టారు. గడ్డివాములకు వేసుకునే నిచ్చెనలు తెచ్చి, పసుపు రాసి, వాకిట్లో నిలబెట్టి మాకు ఎదురొచ్చేవారు. దండలు మాత్రం ఆయన మెడలో పడేవి.

గెలిచాడు. మద్రాసు వెళ్ళాడు. మూడేళ్ళకే మళ్ళీ ఎన్నికలొస్తే, అదే నిచ్చెనతో మళ్ళీ గెలిచి కొత్త రాజధాని కర్నూలు వెళ్ళాడు, రాజధాని మారాక హైదరాబాదు. ఏటి మీద చప్టా గురించి, మెట్ట పొలాలకు కాలువ గురించి ఆయన సభలో అడిగిన ప్రశ్నలన్నీ నా బల్ల మీద పుట్టినవే. పేపర్లో ఆయన పేరుతో పడితే కత్తిరించి దాచుకునేవాణ్ణి. అభిమానం కొద్దీ దాస్తున్నానని మా అక్క మురిసిపోయేది. అందులో నా వాక్యాలు ఎన్నున్నాయో లెక్క చూసుకోవటానికి దాచానని ఆ పిచ్చితల్లికి తెలియదు.

ఒకసారి వేదాద్రిలో స్వామి దర్శనం చేసుకుని, కృష్ణలో కాళ్ళు కడుక్కుంటూ మా బావ అన్నాడు: "ఇంక నాకు ఓపిక లేదోయ్ బావమరిదీ. వచ్చేసారి నువ్వే నిలబడాలి."

అన్నవాడు మర్చిపోయి ఉంటాడు. నేను ఆ మాటను చాలా ఏళ్ళు పట్టుకుని బతికాను.

తీరా ఎన్నికలు వచ్చేసరికి ఆయన ఒక పార్టీలో చేరి, ఆ పార్టీ గుర్తుతో, జీపు వేసుకుని దిగాడు. నాతో ఒక్క మాటైనా అనలేదు. మర్నాడే నందిగామ వెళ్ళి స్వతంత్రంగా నామినేషను వేసి, ఆయన వదిలేసిన నిచ్చెన గుర్తే నాకు కావాలని అడిగాను. పోటీ లేదు, ఇచ్చేశారు. కచేరీ వసారాలో ఎదురుపడి, నలుగురూ వింటూండగా, "నిచ్చెన నీకే అచ్చొస్తుందిలేవోయ్, మోసింది నువ్వేగా" అన్నాడు మా బావ నవ్వుతూ. కోప్పడి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేది! మా అక్క మాత్రం కబురు పంపకుండా తనే వచ్చింది. "ఏరా, నీకు ఓట్లే కావాలంటే నన్నడక్కపోయావా? మా ఇంట్లో ఉన్నయ్యన్నీ నీకే ఏయించేదాన్నిగా! ఊళ్ళో మా పరువెందుకు తీస్తావు?" అని ఏడ్చింది. నాకు కావలసింది ఆమె ఇంటి ఓట్లు కాదు. ఇన్ని ఊళ్ళ జనం నన్ను నన్నుగా, ఎవరి బావమరిదిగానో కాకుండా కోరుకుంటారా లేదా, అది తేల్చుకోవాలి.

అదే నిచ్చెన, అదే సైకిలు, అవే ఊళ్ళు. ఈసారి వేరువేరు పెట్టెలు లేవు, ఒకే కాగితం మీద పేర్లూ గుర్తులూ అచ్చు వేసి ఉంటాయి, ముద్ర గుద్దాలి. అది కూడా ఓపికగా నేర్పాను. ఈసారి నాకు వేయండని అడిగితే, "అట్టాగే నాయనా, నిచ్చెనకేగా!" అన్నారు ప్రతి ఊళ్ళోనూ. నా గుండె పొంగిపోయింది.

నందిగామలో లెక్కింపు అయ్యాక తేలింది, మా ఇద్దర్నీ కాదని మూడోవాడు గెలిచాడు. మా బావ కొద్ది తేడాలో ఓడిపోయాడు. నాకు పడిన ఓట్లు ఆ తేడాకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఓడిపోయినవాడు అంత సంతోషంగా ఇంటికి వెళ్ళటం ఆ తాలూకాలో ఎవరూ చూసి ఉండరు.

మర్నాడు కృతజ్ఞతలు చెప్పుకోవటానికి సైకిలెక్కాను. పెనుగంచిప్రోలు దాటాక ఒక కల్లంలో, ఎండబోసిన మిరపకాయలు తిరగేస్తున్న ఒక ముసలమ్మ నన్ను చూసి నడుం ఎత్తింది.

"పని మానుకోని ఎళ్ళి గుద్దొచ్చామయ్యా, నువ్వు చెప్పినట్టే, నిచ్చెన మీద. మరి ఓడిపోయాడంటన్నారేంది?"

"ఎవరు పెద్దమ్మా?"

"ఇంకెవరయ్యా, నిచ్చెనాయన! మీ బావగారు!"

"ఈసారి నిచ్చెన నాది పెద్దమ్మా. నిలబడింది నేను."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఊరుకో అయ్యా. నువ్వు మోసేవాడివి గదా!"

ఆ పక్క ఊళ్ళోనూ అంతే, ఆ పైఊళ్ళోనూ అంతే. నాకు వేశామన్నవాళ్ళు అక్కడొకరూ ఇక్కడొకరూ లేకపోలేదు, కానీ వాళ్ళందర్నీ కలిపి నా అర్జీల బల్ల ఒక్కదాని మీదే కూర్చోబెట్టవచ్చు. కృతజ్ఞతలు చెప్పకుండానే సైకిలు తిప్పుకుని వచ్చేశాను.

ఆ ఆదివారం మా బావ వచ్చి మా వసారాలో నులకమంచం మీద కూర్చున్నాడు. "ఓడిపోయినందుక్కాదోయ్ నా బాధ. జనం నిన్ను కోరుకుంటున్నారు, అది నేను కనిపెట్టలేకపోయా. వాళ్ళకు అక్కర్లేనివాణ్ణి వాళ్ళ ముందుకెళ్ళి ఇంకేం నిలబడతా? ఇక నుంచి నువ్వే" అన్నాడు. మనిషి వారంలోనే చిక్కిపోయాడు. వెంట వచ్చిన మా అక్క తలుపు వారన నిలబడి నా మొహంలోకి చూస్తోంది. జరిగినది చెప్పటానికి ఒక్క వాక్యం చాలు. వాక్యాలు రాసి బతికినవాణ్ణి, ఆ ఒక్కటీ చెప్పలేకపోయాను. చెబితే ఆయన మళ్ళీ నిలబడేవాడు, మళ్ళీ గెలిచేవాడు, నేను మళ్ళీ మోసేవాణ్ణి. "మంచినీళ్ళు తాగుతావా బావా" అన్నాను.

ఆయన అన్న మాట నిలబెట్టుకున్నాడు. తర్వాతి ఎన్నికలకు నన్ను నిలబడమని తనే బతిమాలాడు, కలిసి తిరుగుతానన్నాడు. నాకు పడే ఓట్లు ఎన్నో నాకు తెలుసు కాబట్టి వద్దన్నాను. పదవి మీద ఆశ లేని మనిషినని నన్ను జగ్గయ్యపేటలో మెచ్చుకున్నారు కూడా. మా బావ కోర్టుకు వెళ్ళివస్తూ, జనం తనను వద్దనుకున్నారన్న నమ్మకంతోనే కాలం గడిపి, ఆ నమ్మకంతోనే పోయాడు. అక్కకు కూడా చెప్పలేదు.

ఇప్పుడు ఓటింగు యంత్రం మీద పేరు పక్కన మనిషి ఫొటో కూడా వేస్తున్నారు. మొహం చూసుకుని నొక్కుతారు, ఒకడికి వేసింది ఇంకొకడికి పడదు. మంచిదే, నాలాంటి వాడు ఇంకొకడు పుట్టకుండా ఉంటాడు. కానీ అంతంత ఫొటోలు వేసుకునే ఈ నాయకుల్లో, మొహం చూడకుండా, పేరు చదవకుండా, ఇన్ని ఊళ్ళ జనం కూలి మానుకుని వెళ్ళి వెతుక్కుని మరీ ఓటు వేసేటంతటి మనిషి ఎవడున్నాడు? మా వైపు ఒకడుండేవాడు. నాకు పడ్డాయని నేను పొంగిపోయిన ఆ ఓట్లన్నీ ఆయనవే. ఈ మాట రాయటానికి ఇప్పుడు కూడా నాకు మనసొప్పటం లేదు.