ఐసు ట్రేకి అతుక్కున్న వేళ్ళు

పెళ్ళయి భిలాయి వచ్చిన మొదటి ఎండాకాలమది. అక్కడ మేముండే ఖుర్సీపార్‌లో మా ఇళ్ళ వరుస మొత్తానికీ ఫ్రిజ్ ఉన్నది మా ఇంట్లోనే. ఓ మధ్యాహ్నం పక్కింటి పార్వతత్త పరుగున వచ్చింది.

"మా బుజ్జోడికి జొరం, ఒళ్ళు కాలిపోతంది. బేగి ఐసియ్యమ్మా."

అంట్లు తోముతున్న తడి చేతులతోనే ఫ్రీజర్‌లోని రేకు ట్రే పట్టుకుని లాగాను. ట్రే కదల్లేదు సరికదా, నా వేళ్ళు దానికి అతుక్కుపోయాయి. లాగితే చర్మం ఊడొచ్చేలా మంట.

"ఏటమ్మా, ఇంకా రాలేదా?"

"నా సెయ్యే రాట్లేదత్తా." ఏడుపొచ్చేసింది. అవతల పిల్లాడలా ఉంటే, ఇవతల నేను కట్టేసిన మేకలా నిలబడ్డాను.

అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి పోసింది. వేళ్ళూ ఊడాయి, ట్రే కూడా ఊడింది. ఐసు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళినావిడ, వెనక్కొచ్చి నా వేళ్ళ మీద ఊదింది.

"ఎల్లత్తా, బుజ్జోడు" అంటూ నేనే పంపేశాను.

సాయంత్రానికి జ్వరం దిగింది. సాయమడగడానికి వచ్చింది ఆవిడ, సాయం చేయించుకున్నది నేను.