ఎఫీ ఏడో నంబరు కర్ర

మర్డో గిల్‌క్రిస్ట్ వారం మొత్తానికి సరిపడా మాటలు శనివారం పొద్దునే మాట్లాడుకునేవాడు. అలాగని వాగుడుకాయేం కాదు. డూగల్‌తో నాలుగు తిట్లు, నాతో రెండు పరాచికాలు, అంతే. మిగిలిన రోజుల్లో అతన్ని పలకరించే మనిషి లేదు. భార్య ఎఫీ పోయింది, పిల్లలు లేరు. జీవితమంతా ఇళ్ల కప్పులకు పలకరాళ్లు పరిచాడు. మా స్కాట్లండ్ సముద్రపుగాలికి ఊళ్లో సగం కప్పులు ఎగిరిపోకుండా నిలబడ్డాయంటే అతని చలవే. ఆ కప్పుల కింద ఉన్నవాళ్లు ఒక్కరైనా 'లోపలికి రావయ్యా, టీ తాగి పో' అన్న పాపాన పోలేదు. ఈ విషయంలో మా ఊరంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంటే.

నేను గోల్ఫ్ క్లబ్బు కొట్లో కర్రలు అమ్ముతాను. శనివారం పోటీలో మర్డో, రిటైరైన పోస్ట్‌మాన్ డూగల్, నేను ఒక జట్టు. పద్నాలుగో గుంతకి ముందు ఒక వాగు అడ్డం ఉంది. ఆ చలికాలం మర్డో బంతి ఎప్పుడు కొట్టినా ఆ వాగులోకే పోయేది. వెతకడం, మళ్లీ కొట్టడం, మళ్లీ వెతకడం. వెనక జట్టువాళ్లు నడుం మీద చేతులు వేసుకుని గుర్రుగా చూడటం.

ఒక శనివారం ఆట అయ్యాక, సూపు తాగుతూ డూగల్ అననే అన్నాడు.

"ఒరే ముసలోడా, ఇంకొక్కసారి వాగులో వేశావంటే నువ్వు మంగళవారం జట్టుకి పోవాల్సిందే. కమిటీవాళ్లు నన్ను పీక్కు తింటున్నారు."

"నీకంటే వాగే నయం, నా బంతుల్ని తిన్నా నోరు మూసుకుని ఉంటుంది," అన్నాడు మర్డో.

అందరం నవ్వాం. నవ్వాను గానీ నా ధ్యాసంతా ఆ మంగళవారం మీదే. మంగళవారం ఆడేవాళ్లంతా ముసలి దంపతులు. భార్య కొడితే భర్త బంతి చూస్తాడు, భర్త కొడితే భార్య దెప్పుతుంది. వాళ్ల మధ్య మర్డో ఎవరి పక్కన నిలబడతాడు?

సోమవారం కొట్టు తెరిచేసరికి గుమ్మంలో ఉన్నాడు.

"వాగు దాటే కర్ర ఒకటియ్యి అమ్మాయ్."

"ముందు ఆ మూడో నంబరు ఐరన్‌ని గోడకి తగిలించు. పిడికెడు ముఖం, మోయలేనంత కాడ. కుర్రాళ్లకే లొంగదు అది. నీ నడుం ఇదివరకట్లా తిరగట్లేదు మర్డో. ఇక బంతిని నువ్వు కాదు, కర్రే లేపాలి. ముఖం బాగా వెనక్కి వాలి ఉండాలి, బరువు అడుగున ఉండాలి, కాడ తేలిగ్గా ఉండాలి."

"అయితే మూడో నంబరు వుడ్ ఇయ్యి, ఆ లావు తలకాయది. డూగల్ దగ్గరుంది."

"ఉండి ఏం ఉద్ధరించాడు? అతని బంతి పీతలా నేలమీదే పాకుతుంది. నీకు ఏడో నంబరు వుడ్ కావాలి. లేదంటే నాలుగో నంబరు హైబ్రిడ్, అది సగం వుడ్డు, సగం ఐరను. రెండూ ఒకే పని చేస్తాయి, ఒకటి చాలు." అంటూ అతని బ్యాగు వైపు చూశాను. "అయినా కొనడమెందుకు? ఎఫీ ఏడో నంబరు నీ దగ్గరే ఉందిగా. నా బేరం పోతే పోయింది."

బ్యాగులో ఒక కర్రకి ఎర్ర ఊలు టోపీ ఉంది. ఎఫీ అల్లిందే. బతికున్నన్నాళ్లూ ఆ కర్రని మర్డో 'సూపు గరిటె' అని ఏడిపించేవాడు. 'గరిటే కానీ, నా బంతి వాగు దాటింది, నీదెక్కడ?' అనేది ఆవిడ. నేను టోపీ మీద చెయ్యి వేయబోతే చటుక్కున పట్టుకున్నాడు.

"తియ్యకు. అడుగున ఇసుక ఉంది. చివరిసారి పద్నాలుగో గుంత దగ్గర కొట్టింది. వాన మొదలైతే తుడవకుండానే టోపీ తొడిగేసింది."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. హైబ్రిడ్ కట్టి ఇచ్చాను.

"పోటీకి బ్యాగులో పద్నాలుగు కర్రలకి మించకూడదు, గుర్తుందిగా? ఐరన్ తీసెయ్."

"ఎందుకు తియ్యాలి? నాకు పదమూడే ఉన్నాయి," అన్నాడు. నిజమే కాబోలనుకున్నాను.

శనివారం మంచు పట్టి ఉంది. కొత్త కర్ర చెప్పినట్టు వింటోంది. మర్డో హుషారు చూడాలి, డూగల్‌ని ఒకటే ఆడిపోసుకోవడం. పద్నాలుగో గుంత దారిలో కంచె దాటాలి. మర్డో బ్యాగుని డూగల్ ఎత్తి అవతలికి అందించబోయాడు.

"ఇదేంట్రా ఇంత బరువు?" అని వేలితో లెక్కపెట్టాడు. మొహం మారిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పదిహేనున్నాయి. నేనేం చూళ్లేదు. పద."

మర్డో తనే లెక్కపెట్టుకున్నాడు. ఎర్ర టోపీ దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది. ఇన్నాళ్లూ దాన్ని లెక్కలో వేసుకోనేలేదు అతను.

"నేను చూశాను," అన్నాడు. "అమ్మాయ్, నా కార్డులో జరిమానా నాలుగు దెబ్బలు కలుపు."

కలిపాను. ఇక ఏ కర్ర తీసేస్తున్నాడో పైకి చెప్పాకే తరవాతి దెబ్బ కొట్టాలి.

"ఎఫీది తీసెయ్," అన్నాడు డూగల్. "కొట్టని కర్రకి చోటెందుకు?"

మంచికే అన్నాడు పాపం. అయినా చెంప పగలగొడదామనిపించింది.

మర్డో వాగు వైపు చూశాడు. "కొడతాను," అన్నాడు. నా కొత్త కర్ర నా చేతిలోనే పెట్టాడు. "ఇది తీసేస్తున్నా. రెండూ ఒకే పని అని నువ్వేగా అన్నావు."

టోపీ మెల్లిగా తీశాడు. కర్ర అడుగున బూడిదరంగు ఇసుక అట్టకట్టి ఉంది, ఒక ఎండుగడ్డి పరక కూడా. దాన్ని చూస్తూ ఉండిపోయాడు. వెనక జట్టులో ఎవరో దగ్గారు. అప్పుడు వంగి కొట్టాడు.

బంతి ఎంత తేలిగ్గా లేచిందో! వాగు దాటి అవతలి పచ్చికలో పడింది.

"దాటింది!" డూగల్ చిన్నపిల్లాడిలా గెంతాడు. "శనివారం నీదేరా ముసలోడా! నిన్నెవడు పంపిస్తాడో చూస్తా!"

మర్డో బంతిని చూడలేదు. కర్ర తిరగేసి చూసుకుంటున్నాడు. అడుగున ఆ ఇసుక లేదు, నున్నగా, తడిగా ఉంది. ఇప్పుడే తెగిన పచ్చగడ్డి పరక ఒకటి అంటుకుని ఉంది, అంతే.

అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. కొట్టిన చోట పెళ్లగిలిన ఇసుకమట్టిలో వేళ్లు పెట్టి వెతకసాగాడు. వెనకనించి ఎవరో విసుగ్గా కేకేశారు, "ఏంటయ్యా, మళ్లీ బంతి పోయిందా?" అని.

డూగల్ నా మొహం చూశాడు. మా మైదానం అంతా ఇసుకే.